మళ్ళీచూడు గారి మరబొమ్మ

లిఫ్టుల కంపెనీలో ఆయన్ని అందరూ మళ్ళీచూడు అంటారు. ఎదురుపడితే మాత్రం, ముఖం మీద అనడం బాగుండదని, చివర గారు తగిలిస్తారు. ఇరవై ఏడేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న మెకానిక్కు. కొత్తగా చేరిన ఎవరికైనా ఆయన నోట మొదట వినపడేది ఆ రెండు మాటలే. వైరు చుట్టావా, మళ్ళీ చూడు. తలుపు మూసుకుందా, మళ్ళీ చూడు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతాడని వెనకాల విసుక్కునేవాళ్ళు కూడా, ఆయన చేతి పని మీద ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు రాలేదని ఒప్పుకుంటారు. కంపెనీ ఆయన ఫొటో ఒకటి ఆఫీసు గోడకి తగిలించింది. అందులో ఆయన నవ్వలేదు. సరిగ్గా వచ్చిందో లేదో మళ్ళీ తీయమన్నాడు, తీసినతను వినలేదు, అదీ సంగతి.

అంతటి మనిషికి బొమ్మల పిచ్చి. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి, తరవాత కుదరదు. అరచేతిలో పట్టేంత మరబొమ్మలు. గుండ్రటి పొట్ట, పొట్టి కాళ్ళు, ముఖమంతా కళ్ళే. పెట్టెలో ముక్కలు ముక్కలుగా వస్తాయి. ప్లాస్టిక్ ఫ్రేముకి అంటుకుని ఉన్న ఒక్కో ముక్కనీ చిన్న కట్టరుతో కత్తిరించి, కత్తిరించిన చోట గరుకు లేకుండా రుద్ది, ఒకదాంట్లో ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని అతుక్కుంటాయి. జిగురు అక్కర్లేదు, స్క్రూలు అక్కర్లేదు. టీవీ పైన చెక్క మీద ఇప్పటికే నాలుగు నిలబడి ఉన్నాయి. ఆయన భార్య వాటిని "మీ రెండో సంసారం" అంటుంది. వారానికోసారి వాటి దుమ్ము తుడిచేది మాత్రం ఆవిడే.

ఆ ఆదివారం పొద్దున ఐదోదాన్ని మొదలుపెట్టాడు. పసుపు రంగుది. చిక్కేమిటంటే, ముందురోజు సాయంత్రం పని నుంచి వచ్చి తన కళ్ళజోడు మీద తనే కూర్చున్నాడు. కొత్తది వచ్చేదాకా దగ్గరి పనికి స్టాండు మీద బిగించిన భూతద్దం ఒకటుంది. కానీ దాంట్లోంచి ఒకసారి ముక్కనీ ఒకసారి కాగితాన్నీ చూస్తుంటే కళ్ళు తిరుగుతున్నాయి.

"ఏమే, కాస్త ఈ కాగితం చదివిపెడతావా?"

"యాభై ఆరేళ్ళొచ్చాక మీకు నేను పాఠం చెప్పాలన్నమాట," అంటూ ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చుంది. "చదివితే నాకేంటి?"

"దీనికి నీ పేరు పెడతా."

"పొట్ట చూస్తే మీ పేరే నప్పుతుంది."

"సరే, మా కంపెనీ పద్ధతిలో చేద్దాం. నువ్వు అంకె చదువు. నేను పెట్టి, అయింది అంటా. అన్నాకే టిక్కు పెట్టు. ముందే పెట్టావో, ఊరుకోను."

ఆ పద్ధతి ఆయనకి అన్నం కన్నా అలవాటు. పనికి ఎప్పుడూ ఇద్దరు వెళ్ళాలి. ఒకరి చేతిలో కాగితం, ఒకరి చేతిలో స్పానరు. కాగితం పట్టినతను ఒక్కో పనీ చదువుతాడు, స్పానరు పట్టినతను చేసి "అయింది" అంటాడు, ఆ మాట మీద కాగితంలో టిక్కు పడుతుంది. పెన్ను పట్టినవాడు స్పానరు ముట్టకూడదు, స్పానరు పట్టినవాడు పెన్ను ముట్టకూడదు. కంపెనీలో ఇది రాతి మీద గీత.

ఆయనతో కాగితం పట్టుకుని వెళ్ళేది సొంత బావమరిదే, అంటే ఈవిడ తమ్ముడు. పన్నెండేళ్ళ క్రితం ఈయనే పూచీపడి ఉద్యోగంలో పెట్టించాడు. వాడు మంచివాడే కానీ నిదానం లేదని ఈయన ఫిర్యాదు. రెండేళ్ళ క్రితం లిఫ్టు పైకప్పు మీద ఒక స్పానరు మర్చిపోయి వచ్చారు. "నేనే వదిలేశా" అని వాడు ఒప్పుకున్నాడు. కంపెనీవాళ్ళు ఇదే ఆఖరి హెచ్చరిక అని కాగితం చేతికిచ్చారు. ఆ వేళ ఇంట్లో భోజనాల దగ్గర అందరి ముందూ ఈయన వాణ్ణి దులిపేశాడు. పాపం, వాడు కంచంలో చెయ్యి కడిగేసి లేచి వెళ్ళిపోయాడు.

"నిన్న చూడాలి మీ తమ్ముడి వరస," అన్నాడు కట్టరు ఆడిస్తూ. "పని మధ్యలో నాలుగుసార్లు ఫోను చూశాడు. పైన బ్రేకు పని జరుగుతోంది, వీడి చూపు ఫోను మీద."

"బీ ఏడు," అంది ఆవిడ. "మెడ కింద రింగట. పొట్ట మూయకముందే లోపల పెట్టాలట. సన్న అంచు పైకి."

"చెప్తే వింటాడా? ఊఁ అంటాడు. గోడకి చెప్పినట్టే. అయింది."

"బీ ఎనిమిది, తొమ్మిది. పొట్ట రెండు సగాలు."

పొట్ట టక్కుమని మూసుకుంది. అలా మూసుకున్నదాన్ని మళ్ళీ తెరవాలంటే విరగాల్సిందే, ఆ బొమ్మలు అంతే. చేతులు పెట్టాడు, కాళ్ళు పెట్టాడు, ఆఖర్న తల పెట్టి నొక్కాడు. తల ఒక పక్కకి వాలిపోయింది. నిలబెడితే ఇంకో పక్కకి వాలింది.

"ఈ కొత్త పెళ్ళాం సిగ్గుపడుతోందండీ," అని ఆవిడ పకపకా నవ్వింది.

"తయారు చేసినవాళ్ళకి బుద్ధి లేదు. మెడ వదులుగా పోశారు."

ఆవిడ బల్ల మీది ఖాళీ ఫ్రేములు ఏరుతూ ఒకటి పైకెత్తింది. "మరి ఇదేంటి?"

బీ ఫ్రేము. అన్ని ముక్కలూ పోయి మధ్యలో ఒక చిన్న రింగు మిగిలి ఉంది. పక్కనే ఏడంకె. దాన్ని కత్తిరించనే లేదు. రెండు పక్కలా ఫ్రేముకి అలాగే అంటుకుని ఉంది.

"అది కాదు," అన్నాడాయన. "నేను పెట్టాను."

"పెడితే ఇక్కడెందుకుంటుంది?"

"పెట్టానంటే పెట్టాను! సన్న అంచు గోటితో చూసి మరీ పెట్టాను."

"నా మీద అరుస్తారేం? నేను అంకె చదివా, మీరు అయిందన్నారు, నేను టిక్కు పెట్టా. ఇదిగో టిక్కు."

ఆయన అబద్ధం ఆడడం లేదు. ఇదే ఇక్కడ అసలు తంటా. కట్టరు నొక్కినప్పటి చప్పుడు ఆయనకి గుర్తుంది. గోటి కింద సన్న అంచు తగలడం గుర్తుంది. పొట్ట లోపల అది కుదురుకోవడం గుర్తుంది. ఆ గుర్తున్నదేదీ జరగలేదని ఫ్రేము చెబుతోంది. ఫ్రేముకి అబద్ధం ఆడాల్సిన పనేముంది? ఆయన దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. ఉన్నట్టుండి నిన్నటి పని గుర్తొచ్చింది.

నిన్న పని చేసింది పదకొండు అంతస్తుల భవనంలో. పైన మెషిన్ రూములో లిఫ్టు మోటారుకి బ్రేకు ఉంటుంది. రెండు ఇనప చేతులు చెరో పక్క నుంచి చక్రాన్ని నొక్కి పట్టుకుంటాయి. ఒక్కో చేతినీ నొక్కేది ఒక స్ప్రింగు. స్ప్రింగుని పట్టి ఉంచేది ఒక నట్టు. ఆ నట్టు అదిరి అదిరి ఊడిపోకుండా దాని మీద లాక్ నట్టు, ఆ పైన ఒక పిన్ను. ఎడమవైపు లాక్ నట్టు బిగించడం ఆయనకి గుర్తుంది. కుడివైపుది బిగించడమూ గుర్తుంది, అంతే స్పష్టంగా. ఇప్పుడా గుర్తు ఎందుకు పనికొస్తుంది?

బావమరిదికి ఫోను చేశాడు.

"ఏరా, నిన్న కుడివైపు లాక్ నట్టు బిగించానా?"

అవతల వాడు ఏదో నసిగాడు.

"నిన్నేరా!"

"అయిందన్నావు కదా బావా," అన్నాడు వాడు చివరికి. "నేను వెళ్ళి చూసొస్తా. నువ్వు కదలకు. ఆఫీసుకి మాత్రం చెయ్యకు, నీకు దణ్ణం పెడతా."

ఫోను పెట్టేసరికి, పక్కనే ఉండి విన్న భార్యకి సంగతి అర్థమైపోయింది. ఆవిడ నవ్వు ఎటుపోయిందో. "వాడు చెప్పింది నిజమే. ఆఫీసుకెందుకండీ? కాగితం మీద సంతకం వాడిది. వాడికిదివరకే ఆఖరి హెచ్చరిక ఉంది. ఇద్దరు పిల్లలు వాడికి. గుట్టుచప్పుడు కాకుండా వెళ్ళి బిగించుకుని రండి. కోరి కొరివితో తల గోక్కుంటారా ఎవరైనా? అసలు మీకు బిగించినట్టు గుర్తుందంటున్నారుగా?"

"గుర్తుందే. ఇది పెట్టినట్టు కూడా గుర్తుంది," అని ఆయన ఫ్రేము చూపించాడు.

భవనం వాచ్‌మన్‌కి ఫోను చేసి లిఫ్టు ఆపమన్నాడు.

"ఇప్పుడా? పదో అంతస్తులోకి కొత్తవాళ్ళు దిగుతున్నారండీ. పొద్దుట్నుంచీ బీరువాలూ ఫ్రిజ్జూ ఎక్కిస్తున్నారు. మీరు చెబితే ఆపడానికి లేదు, ఆఫీసు చెప్పాలి. పోయినసారి ఊరికే ఆపానని అందరూ కలిసి నన్ను నంజుకు తిన్నారు."

బీరువాలు. ఆయనకి పైప్రాణాలు పైనే పోయాయి. ఒక చేతి స్ప్రింగు వదులైన బ్రేకు ఖాళీ లిఫ్టుని ఎలాగోలా పట్టుకుంటుంది. బీరువాని, దాన్ని మోసే నలుగుర్ని పట్టుకుంటుందా? తలుపు తెరుచుకుని ఒకడు కాలు బయట పెట్టబోతుంటే కింద నేల జారిపోతే? ఆఫీసుకి చేస్తే బావమరిది ఉద్యోగం, చెయ్యకపోతే ముక్కూ మొహం తెలియని ఎవరి కాలో, ఎవరి ప్రాణమో. కుడితిలో పడ్డ ఎలుకలా ఒక్క నిమిషం కొట్టుకున్నాడు. ఆ ఒక్క నిమిషానికి ఆయన తరవాత చాలాకాలం సిగ్గుపడ్డాడు. భార్య వద్దని చెయ్యి పట్టుకుంది. మెల్లిగా విడిపించుకుని సూపర్‌వైజరుకి ఫోను చేశాడు.

"ఆదివారం కూడానా, మళ్ళీచూడు గారూ?" అని సూపర్‌వైజరు నవ్వాడు. వయసులో చిన్నవాడు, పనిలో గట్టివాడు. "సరే, ఇప్పుడే ఆపిస్తా. చూసి నాకు ఫోను చేయండి. ఎందుకు ఆపామో రేపు పైవాళ్ళకి రాసివ్వాలి."

బస్సు దిగి భవనంలోకి వెళ్ళేసరికి లిఫ్టు ముందు బీరువా ఒకటి అడ్డంగా ఉంది. దాని పక్కనే మెట్ల మీద కూలీలు చెమట తుడుచుకుంటున్నారు. కొత్తగా దిగుతున్న ఇంటావిడ అట్టపెట్టె మీద కూర్చుని, ఒళ్ళో పసిపిల్లని ఆడిస్తోంది. "ఎంతసేపు పడుతుందండీ?" అంది. ఆయన గబగబా మెట్లెక్కాడు. ఆరో అంతస్తు దగ్గర ఆయాసం వచ్చింది. ఆగలేదు.

మెషిన్ రూము తలుపు తెరిచే ఉంది. లోపల బావమరిది మోటారు పక్కన వంగి, చేతిలో స్పానరుతో కనిపించాడు.

"ముట్టకు!"

వాడు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. ఆయన కళ్ళజోడు లేని కళ్ళతో ఏం చూస్తాడు? వేళ్ళతో తడిమాడు. ఎడమది రాయిలా ఉంది. కుడివైపు లాక్ నట్టు వేలు తగలగానే గిర్రున తిరిగింది. కింది నట్టు అప్పటికే మూడు చుట్లు వెనక్కి వచ్చేసింది. పిన్ను నిన్న పనిముట్ల పళ్ళెం పెట్టిన చోట, నేల మీద నూనెలో పడి ఉంది. ఒక్కరోజులో మూడు చుట్లు, ఇంకెన్ని చుట్లకి ఊడేదో ఆయనకి బాగా తెలుసు. మోటారు దిమ్మ మీద కూలబడ్డాడు.

"పాపకి ఒళ్ళు కాలిపోతోందని ఇంట్లోంచి ఫోను మీద ఫోను బావా," అన్నాడు బావమరిది. "ఆ తొందరలో దిగిపోయా. నిన్నొక్కరోజే చూడలేదు."

"ఏం చూడలేదు?"

వాడు చేతిలో స్పానరుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏం చూడలేదురా?"

"నువ్వు అయిందన్నాక... నేనొకసారి చూస్తా బావా. నువ్వు కిందికెళ్ళి సామాను సర్దుకుంటున్నప్పుడు."

"కాగితం పట్టినవాడివి స్పానరు ముట్టావా?"

"ముట్టా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు. మొదట్లో ఎప్పుడో ఒకటి ఉండేది. ఈ మధ్య..." అని ఆపేసి, స్పానరుని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

రెండేళ్ళు అనగానే ఆయనకి ఇంకొకటి తట్టింది. లిఫ్టు పైకప్పు మీద దొరికిన స్పానరు. ఆ రోజు కాగితం వీడి చేతిలో ఉంది. మరి స్పానరు ఎవరి చేతిలో ఉంటుంది? ఇంత చిన్న లెక్క ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. తనకి మాత్రం తట్టిందా? మళ్ళీచూడు గారి చేతి నుంచి స్పానరు జారుతుందని ఎవరనుకుంటారు!

"ఆ స్పానరు కూడా నాదేనా?"

"పోనీలే బావా."

"పోనీలే ఏంట్రా! అందరి ముందూ నిన్ను తిట్టిపోశాను. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయావు. అప్పుడైనా చెప్పచ్చు కదరా!"

"ఏమని చెప్పను? నీ ఫొటో గోడకి పెట్టి అప్పటికి నెల కూడా కాలేదు. చెబితే నువ్వేమైపోతావోనని భయం. రెండు మూడేళ్ళలో రిటైరవుతావు, అప్పటిదాకా నేను చూసుకుంటే సరిపోతుందనుకున్నా."

ఆయనకి వాణ్ణి లాగి లెంపకాయ కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. ఏదీ చేతకాలేదు. "నన్ను కాపాడావు సరే. కింద ఒకావిడ పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళనెవరు కాపాడతార్రా?" అని మాత్రం అన్నాడు. బావమరిది తల వంచుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే కింది నట్టు సరిచేశాడు, లాక్ నట్టు బిగించాడు, కొత్త పిన్ను వేసి కొనలు వంచాడు. ఎడమవైపుది కూడా చూశాడు. తరవాత ఇద్దరూ ఖాళీ లిఫ్టుని పైకీ కిందకీ నాలుగుసార్లు తిప్పి బ్రేకు పరీక్షించారు. ఈయన దీపం పట్టుకున్నాడు, అంతే.

సూపర్‌వైజరు ఫోను మోగింది.

"బాగానే ఉందని చెప్పెయ్ బావా," అన్నాడు బావమరిది ముఖం తుడుచుకుంటూ. "అనుమానం మీద ఆపించామని చెప్పు. నీ సంగతి తెలిసిందే కాబట్టి నవ్వి ఊరుకుంటారు. ఇక నుంచి నేను చచ్చినా చూడకుండా దిగను. ఇంకో రెండేళ్ళేగా."

చెప్పొద్దూ, ఆయనకి ఆశ పుట్టింది. ఎవరికి పుట్టదు? ఈ పని తప్ప ఆయనకి ఇంకోటి రాదు. రేపు పొద్దున లేచి ఎక్కడికి వెళ్తాడు? బాగానే ఉంది అనే మాట ఎంత, రెండు ముక్కలు. పైగా ఇప్పుడది నిజం కూడాను. ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తాడు.

"కుడివైపు లాక్ నట్టు వదులుగా ఉంది సార్. పిన్ను కింద పడి ఉంది. అయిందని నిన్న చెప్పింది నేను, నా మాట మీద అతను టిక్కు పెట్టాడు. నేను బిగించలేదు."

"అరెరె. మీరా? సరే, ఇన్నేళ్ళలో ఒక్కసారికి..."

"ఒక్కసారి కాదు సార్. రెండేళ్ళుగా జరుగుతోందట, నాకే తెలీదు. చెయ్యని పని చేసినట్టు గుర్తుంటోంది. అప్పుడు పైకప్పు మీద దొరికిన స్పానరు కూడా నాదే, అతనిది కాదు. అతని మీద రాసిన హెచ్చరిక కొట్టేయించండి. నన్ను డాక్టరుకి చూపిస్తారో, కూర్చోబెడతారో మీ ఇష్టం. నా చేతికి మాత్రం స్పానరు ఇవ్వకండి."

సూపర్‌వైజరు, రేపు తొమ్మిదింటికి ఇద్దరూ ఆఫీసుకి రమ్మన్నాడు. గొంతులో కోపమూ లేదు, దయా లేదు. బావమరిది ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు. ఏం పోగొట్టుకున్నాడో ఆయనకి మెల్లమెల్లగా తెలిసి వస్తోంది.

ఇద్దరూ మెట్ల మీదుగానే దిగారు. కింద కూలీలు లేచి బీరువా చుట్టూ చేరారు. ఇంటావిడ నిద్రపోయిన పిల్లని భుజానికెత్తుకుని ఎదురొచ్చింది. ఆయన తలలో నెరిసిన జుట్టు చూసి పెద్దాయన ఈయనే అనుకుంది కాబోలు, నేరుగా ఆయన్నే అడిగింది.

"అయిపోయిందాండీ? ఇక ఎక్కొచ్చా?"

ఇరవై ఏడేళ్ళుగా ప్రతి భవనంలోనూ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉన్నారు. ప్రతిసారీ ఆయనే జవాబు చెబుతూ వచ్చాడు. ఇప్పుడూ నోరు తెరిచాడు. పిల్ల ముఖం కేసి చూసి మూసుకున్నాడు. తరవాత ఒక అడుగు పక్కకి జరిగి, వెనకాల నిలబడ్డ బావమరిదిని చూపించాడు.

"అతన్నడగండమ్మా."